సెబువానోలో 'నిజం': తినుఓద్, కమతుఓరన్, తినుద్-అనాయ్... ఎక్కడ ఏది వాడాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదువుతున్న ఒక తెలుగు విద్యార్థికి త్వరలో ఆసుపత్రి డ్యూటీలు మొదలవుతాయి. పేషెంట్లతో అక్కడి భాష బిసాయాలో, అంటే సెబువానోలో మాట్లాడాలి. నెట్‌లో ఒక పదాల పట్టిక దొరికింది. అందులో ట్రూ, ట్రూత్, రియల్, రియాలిటీ అనే నాలుగు ఇంగ్లీషు మాటలకు ఎదురుగా డజను దాకా సెబువానో మాటలున్నాయి. "ఇవన్నీ ఒకటేనా? ఏ ఒక్కటి నేర్చుకుంటే గట్టెక్కుతాను?" అని అడిగారు.

మాట్లాడటానికి ఒక్కటే కావాలంటే 'తినుఓద్' నేర్చుకోండి, చాలు. వినడానికి మాత్రం అది చాలదు. పేషెంట్ తనకు తెలిసింది చెబుతున్నాడా, ఎవరో అన్నది అప్పజెబుతున్నాడా, ఊహించి చెబుతున్నాడా అన్నది ఈ భాషలో చిన్న చిన్న మాటల్లో బయటపడుతుంది. మీ పట్టికలో వాటికి చోటు ఉండదు. నేను ఉండేది దవావోలోనే, మా ఇంట్లో మాట్లాడేదీ ఇదే భాష. డ్యూటీలకు వెళ్లబోయే మనవాళ్లకు కొన్నేళ్లుగా నేర్పుతున్నాను కూడా. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు పలకడం. తెలుగులో రాసేటప్పుడు 'తినువోద్' అని రాయాలనిపిస్తుంది. కానీ అక్కడ వకారం లేదు. 'తిను' అని 'ను' మీద ఒత్తి, గొంతులో ఒక్క క్షణం ఆపి, 'ఓద్' అనాలి. 'త', 'ద' అచ్చంగా మన తకార దకారాలే, కాబట్టి ఇంగ్లీషు యాస పట్టించి 'టినువోడ్' చేయకండి. 'తిను' కనబడింది కదా అని తిండితో ముడిపెట్టే జోకు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు వేస్తారు. మీరు వేసినా నవ్వుతాను గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు.

మీ పట్టికలో ఉన్న డజను మాటల్లో చాలావాటికి మూలం ఒక్కటే, 'తుఓద్'. దాని మధ్యలో 'ఇన్' దూరితే 'తినుఓద్' అయింది. మాటకు ముందో వెనకో ఏదైనా తగిలించడం మనకు అలవాటే గానీ, ఇలా నడుమ దూర్చడం వింతగా ఉంటుంది. అయినా మీరు దీన్ని రోజూ చూస్తూనే ఉండాలి. 'సుగ్బా' అంటే నిప్పుల మీద కాల్చడం, అలా కాల్చింది 'సినుగ్బా'. వెనిగర్‌లో నానబెట్టిన పచ్చి చేప 'కినిలావ్', దాని మూలం 'కిలావ్'. బిసాయా వాళ్లు మాట్లాడే భాష 'బినిసాయా'. క్యాంటీన్ బోర్డు మీద ఉన్న ఆ 'ఇన్'నే ఇక్కడా ఉంది.

అదే 'తుఓద్'కు ముందు 'కమ', చివర 'అన్' చేరితే 'కమతుఓదన్' రావాలి. కానీ రెండు అచ్చుల మధ్య పడిన దకారం ఇక్కడ రకారం అవుతుంది, అందుకే 'కమతుఓరన్'. ఇది ఈ ఒక్క మాటకే కాదు. కొండ 'బుకిద్', కొండ ప్రాంతమంతా కలిపి 'కబుకిరన్'. ఇక 'తినుద్-అనాయ్' సంగతి. అందులో ఓకారం ఎగిరిపోయింది, గొంతు ఆపు ఒక్కటీ మిగిలింది. మధ్యలో గీత పెట్టింది ఆ ఆపు కోసమే. గీత ఉంది కదా అని రెండు మాటలుగా విడదీసి డిక్షనరీలో 'అనాయ్' కోసం వెతక్కండి, దొరికేది వేరే ఏదో అవుతుంది.

పట్టికలు ఉబ్బిపోవడానికి ఇంకో కారణం స్పెల్లింగు. సెబువానోలో ఉ, ఓ రెండూ ఒకదాని చోట ఒకటి వస్తుంటాయి. ఒకరు ఉ-ఓ అని రాస్తే ఇంకొకరు ఓ-ఓ అని రాస్తారు, పట్టిక వాడు రెండిటినీ రెండు మాటలుగా లెక్కేస్తాడు. 1972లో వచ్చిన జాన్ వుల్ఫ్ సెబువానో డిక్షనరీ ఇప్పటికీ చాలామందికి ఆధారం. ఆయన అ, ఇ, ఉ అనే మూడు అచ్చులతోనే మాటలన్నీ రాశారు. కాబట్టి అందులో 'తుఓద్' కావాలంటే ఉకారాలతో 'తుఉద్' అని వెతకాలి. ఈ ముక్క తెలియక "డిక్షనరీలో అసలు ఈ మాటే లేదు" అనేవాళ్లను చూశాను. స్పానిష్ కాలపు రాతలో క శబ్దానికి ఇంగ్లీషు కే బదులు సీ వాడేవారు. 1900ల తొలి ఏళ్లలో సెబూలో 'కమతుఓరన్' పేరుతోనే ఒక క్యాథలిక్ పత్రిక వచ్చేది, దాని పేరులో ఆ మాట సీతోనే మొదలవుతుంది.

నెట్‌లో దొరికే సెబువానోను ఊరికే నమ్మకపోవడం మంచిది. వికీపీడియాలో వ్యాసాల లెక్క ప్రకారం ఇంగ్లీషు తర్వాత స్థానం సెబువానోదే, 60 లక్షల పైచిలుకు. అంత రాశారా అని ఆశ్చర్యపోకండి. వాటిలో అత్యధిక భాగం ఒక స్వీడన్ ఆయన తయారుచేసిన బాట్, అంటే తనంతట తానే రాసుకుపోయే ప్రోగ్రామ్, పుట్టించింది. కొండల పేర్లు, పురుగుల పేర్లు పెట్టి ఒకే మూసలో పోసిన వాక్యాలవి. మనుషులు మాట్లాడే సెబువానో వాటిలో వెతికితే దొరకదు.

ఇక అర్థాలు. నా సలహా ఏమిటంటే, మధ్యలో ఇంగ్లీషును తీసేయండి. ట్రూత్ అన్న ఒక్క మాటతో ఇంగ్లీషు సరిపెట్టేచోట మనకు నిజం ఉంది, సత్యం ఉంది, వాస్తవం ఉంది. సెబువానోలోనూ దాదాపు అలాంటి విభజనే ఉంది. తెలుగు నుంచి నేరుగా వెళ్తే సగం తికమక పోతుంది.

'తినుఓద్' మన 'నిజం'. ట్రూ, రియల్, మాటల్లో ట్రూత్ కూడా ఇదే. 'తినుఓద్ బా?' అంటే నిజమేనా? 'ఉన్సాయ్ తినుఓద్?' అంటే నిజం ఏంటి? 'సుల్తిహీ కో స తినుఓద్' అంటే నాకు నిజం చెప్పు. 'తినుఓద్ ఙ ఇస్తోర్యా' అంటే నిజంగా జరిగిన కథ. ఆ 'ఙ' మన అక్షరమాలలో కవర్గం చివర ఉండేదే. చిన్నప్పుడు నేర్చుకుని పక్కన పడేశాం, ఇక్కడ అది లేకుండా వాక్యం నడవదు. ఏదైనా అనుకున్నట్టు జరిగితే 'నతినుఓద్' అంటారు. 'నతినుఓద్ అంగ్ ఇయాంగ్ దమ్గో' అంటే ఆమె కల నిజమైంది. ఇక్కడ కూడా తెలుగుతో చక్కగా సరిపోయింది చూడండి, మనమూ కల 'సత్యమైంది' అనం.

'కమతుఓరన్' మన 'సత్యం'. చర్చిలో, కోర్టులో, సంపాదకీయంలో వినబడుతుంది. బైబిల్లో యేసు 'నేనే మార్గమును, సత్యమును, జీవమును' అన్నచోట సెబువానోలో ఉన్నది ఈ మాటే. ఫిలిప్పీన్స్‌లో ఎక్కువమంది క్యాథలిక్కులు కాబట్టి ఆ బరువు ఈ మాటకు అంటుకునే ఉంటుంది. బహువచనం చేసి 'మఙా కమతుఓరన్' అంటే వార్తల్లో ఫ్యాక్ట్స్ అనే అర్థమూ వస్తుంది. రాతలో చూస్తే గుర్తుపట్టండి, అంతవరకే. 'కమతుఓరన్ చెప్పండి' అని పేషెంట్‌ను అడిగారనుకోండి, తప్పేం కాదు, కానీ కడుపునొప్పితో వచ్చిన మనిషిని బోనులో నిలబెట్టినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు పెద్ద మాట వాడితే మర్యాదగా ఉంటుందనుకుంటారు. ఈ భాషలో మర్యాద పెద్ద మాటలో ఉండదు, పిలుపులో ఉంటుంది. పెద్దావిడను 'నాయ్' అనండి, పెద్దాయనను 'తాయ్' అనండి. అమ్మా, నాన్నా అన్నట్టే. 'మీరు' లాంటి గౌరవ సర్వనామం వీళ్లకు రోజువారీ మాటల్లో లేదు కాబట్టి ఆ బాధ్యతంతా ఈ పిలుపులే మోస్తాయి.

'తినుద్-అనాయ్' అంటే అసలుసిసలైన, మనస్ఫూర్తి అయిన. నకిలీ కానిది. 'తినుద్-అనాయ్ ఙ హిగాలా' అంటే నిజమైన స్నేహితుడు. 'తినుద్-అనాయ్ ఙ గుగ్మా' అంటే నిజమైన ప్రేమ. దీనికి బంధువే 'మతినుద్-అనొన్', నిజాయితీ గల మనిషి. ఇది మనిషి గుణం గురించి. 'పమతుఓద్' రుజువు, సాక్ష్యం. డ్యూటీలో పెద్దగా తగలదు, సర్టిఫికెట్లన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి.

ఇక మీ పట్టికలోని రియాలిటీ. 'కతినుఓరన్' అని ఉంది, పుస్తకాల్లో కనబడుతుంది. మార్కెట్లో, జీప్నీ అనే షేర్ బండిలో నేను విన్నది తక్కువ. 'రెయలిదాద్' ఎక్కువగా వినబడుతుంది, అది స్పానిష్ నుంచి వచ్చింది. 1565లో స్పానిష్ సేనాని లెగాస్పి సెబూలో కాలు మోపినప్పటి నుంచి 1898 దాకా స్పానిష్ పాలన నడిచింది. ఆ మూడు శతాబ్దాల్లో లెక్కలు, రోజుల పేర్లు, వంటింటి సామాన్లు, ఇలా ఎన్నో స్పానిష్ మాటలు వచ్చి కూర్చున్నాయి. నిజానికి మాత్రం సొంత మాటే నిలబడింది. 'మావో న అంగ్ రెయలిదాద్' అంటే 'అదీ వాస్తవం, ఏం చేస్తాం' అనే ధోరణి. కుర్రాళ్లు ఇంగ్లీషు రియాలిటీనే అనేస్తారు. మీరూ అనేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అసలు చెప్పాల్సింది ఇప్పుడొస్తుంది. పైన చెప్పిన నామవాచకాలన్నీ కలిపినా రోజంతా వార్డులో మహా అయితే కొన్నిసార్లు వింటారు. ఇప్పుడు చెప్పబోయే చిన్న మాటలు మాత్రం నిమిషానికోసారి తగులుతాయి.

'బీతావ్' అంటే 'అవును, నిజమే'. ఎదుటివాళ్లు అన్నదానికి తలూపడం. 'ఈరోజు ఎండ మండిపోతోంది' అంటే 'బీతావ్' అంటారు. 'లగీ' కూడా ఒప్పుకోలే, కానీ అందులో 'చెప్తున్నాగా' అన్న విసురు రావచ్చు. గొంతును బట్టి గ్రహించాలి. 'గ్యుద్', మాటల్లో 'జుద్', గట్టిగా నొక్కి చెప్పడం. 'తినుఓద్ జుద్' అంటే ముమ్మాటికీ నిజం, 'దీలి జుద్' అంటే అస్సలు కాదు. 'దియాయ్' కొత్త సంగతి తెలిసినప్పుడు. 'మావో దియాయ్' అంటే 'ఓహో, అదా సంగతి!' మూలమైన 'తుఓద్' ఒంటరిగా వస్తే చటుక్కున గుర్తుకు రావడం. 'ఆయ్, తుఓద్!' అంటే 'అన్నట్టు, మర్చేపోయాను!' మనీలా వాళ్లతో మాత్రం ఇది వాడకండి, వాళ్ల భాష తగలోగ్‌లో తుఓద్ అంటే నరికేసిన చెట్టు మొద్దు. యూట్యూబ్‌లో తగలోగ్ నేర్చుకుని వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు కాబట్టి ఒక మాట. మీరు నేర్చుకున్న 'తలగా' ఇక్కడ 'జుద్', 'పలా' ఇక్కడ 'దియాయ్', 'తోతోఓ' ఇక్కడ 'తినుఓద్'. దవావోలో రెండు భాషలూ కలిపి కొట్టేస్తారు కాబట్టి తగలోగ్ మాట వాడినా పని జరుగుతుంది. కానీ ఊళ్ల నుంచి వచ్చిన ముసలివాళ్ల దగ్గర బిసాయా మాటకున్న చనువు వేరు.

వార్డులో నేను చూసిన ఒక ముచ్చట చెబుతాను. బీపీతో వచ్చిన పెద్దాయన. రోజూ మాత్రలు వేసుకుంటున్నారా అని మన కుర్రాడు అడిగాడు. ఆయన అవునన్నాడు. రీడింగు చూస్తే నమ్మబుద్ధి కాలేదు. 'తినుఓద్, తాయ్?' అన్నాడు. ఆయన మొహం ముడుచుకుని 'తినుఓద్ లగీ!' అని అటు తిరిగిపోయాడు. నిజమేనంటున్నా కదా, ఇంకేం కావాలి అని. కుర్రాడు వాడిన మాట వ్యాకరణం ప్రకారం సరైనదే. కానీ పెద్దవాళ్లను మొహం మీద 'నిజమా?' అని అడిగితే మన దగ్గర మాత్రం ఊరుకుంటారా? కాసేపటికి అక్కడి నర్సు వచ్చి మంచం పక్కన కూర్చుని 'మావో బా, తాయ్?' అంది. అంటే 'అలాగా?' అంతే. అని ఊరుకుంది. ఆయన కాసేపు ఆగి 'స తినుఓద్ లంగ్...' అని మొదలుపెట్టాడు. మందు అయిపోయి చాలా రోజులైందట, 'నహూరొత్ న అంగ్ తంబాల్'. కొనడానికి డబ్బుల్లేవని కూతురికి కూడా చెప్పలేదు.

ఆ 'స తినుఓద్ లంగ్'ను చెవిలో పెట్టుకోండి. ఉన్నమాట చెప్పాలంటే అని అర్థం. పేషెంట్ నోట అది వచ్చిందంటే రాస్తున్న పెన్ను ఆపి తల ఎత్తాలి. ఆ తర్వాత వచ్చేదే మీకు కావాల్సిన హిస్టరీ. రాత్రి తాగిన కొబ్బరి కల్లు 'తుబా' సంగతి కూడా తరచుగా దాని వెనకే బయటికొస్తుంది.

ఇంకోటి 'కునో'. ఇంగ్లీషు పట్టికలు దీనికి రకరకాల అర్థాలు ఇచ్చి తంటాలు పడతాయి. తెలుగువాళ్లకు ఆ కష్టం లేదు, అది మన 'అట'. 'మియబొత్ న కునో సియా' అంటే ఆయన వచ్చేశాడట. చూసింది వేరు, విన్నది వేరు అని తెలుగు ఎలా తేడా పెడుతుందో సెబువానో కూడా అలాగే పెడుతుంది. 'డాక్టరట, డాక్టరు!' అని మనం వెటకారం చేసినట్టే 'దొక్తోర్ కునో' అని వాళ్లూ చేస్తారు. 'కునోహాయ్' అంటే నటించడం, ఉత్తుత్తి. పేషెంట్ పక్కన ఉండే మనిషిని ఇక్కడ 'బంతాయ్' అంటారు, కాపలా ఉన్నవాళ్లని. ఆ బంతాయ్ 'సకిత్ కునో ఇయాంగ్ తియాన్' అంటే 'ఆవిడకి కడుపు నొప్పట'. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అన్నది బంతాయ్ చూసి చెప్పింది కాదు. మీరు కేస్ షీటు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ 'అట' జారిపోతుంది. విన్నమాట కాస్తా కాగితం మీద కళ్లారా చూసిన నిజం అయి కూర్చుంటుంది. 'కునో' వినబడితే బంధువు చెప్పిన ప్రకారం అని రాయండి, పేషెంట్‌ను మళ్లీ అడగండి.

అబద్ధం గురించి రెండు ముక్కలు. అబద్ధం 'బకాక్', అబద్ధాలకోరు 'బకకొన్'. రెండూ ఘాటైన మాటలు, స్నేహితుల మధ్య సరదాకి అనుకుంటారు గానీ పేషెంట్ దగ్గర నోట రానివ్వకండి. 'అతిక్' అంటే ఉత్తినే, జోకు. 'అతిక్ రా' అంటే ఊరికే అన్నాలే. తెలియకపోతే 'అంబొత్', అచ్చం మన 'ఏమో'. చిరాగ్గా అంటే చిరాకు కూడా వినబడుతుంది, మన ఏమోలాగే.

చివరగా మనవాళ్లు తరచూ బోల్తా పడే మాట, 'సిగూరో'. స్పానిష్‌లో అది 'ఖాయంగా' అనే అర్థమున్న మాట. ఇంగ్లీషు చెవికీ ష్యూర్ లాగే వినబడుతుంది. సెబువానోలోకి వచ్చాక అది 'బహుశా' అయిపోయింది. ఖాయం అనడానికి 'సిగురాదో' అని వేరే ఉంది. మందులు ఏవైనా పడవా, అలర్జీ ఉందా అని అడిగితే 'వలా సిగూరో, దొక్' అంటారు. 'లేదు, ష్యూర్' అని కాదు, 'లేదనుకుంటా డాక్టర్' అని. అది విని చార్టులో అలర్జీ గడిలో 'లేదు' అని రాసేయకండి. 'సిగురాదో, నాయ్?' అని మెల్లగా ఇంకోసారి అడగండి. అప్పుడూ 'అంబొత్' అంటే బంతాయ్‌ని అడగండి, ఇంట్లో పాత 'రెసేతా', అంటే ప్రిస్క్రిప్షన్ ఉంటే తెమ్మనండి. అది వచ్చేదాకా ఆ గడిలో తెలియదు అనే రాయండి, పై డాక్టరుకు నోటితో కూడా చెప్పండి.